సవానా నుంచి మూడు కాల్స్

నిజామాబాద్ పసుపు మార్కెట్ వెనక సందులో, మేడ మీద ఖైరున్నిసా ఆఫీసు. బోర్డు మీద 'ప్రైవేటు విచారణలు' అని గొప్పగా ఉంటుంది గానీ, వచ్చేవాళ్ళలో ముప్పాతికమంది కాబోయే అల్లుళ్ళ గుణగణాలు కనుక్కోవడానికే వస్తారు. యాభై దాటిన ఖైరున్నిసా మాట మెత్తన, చూపు మాత్రం సూది. సహాయకుడు మోజెస్ ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపాడు. సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడ్డాక ఇక్కడ చేరాడు. ఖైరున్నిసాను 'ఆపా', అంటే అక్కా, అని పిలుస్తాడు. ఆపా చెప్పిన మాటంటే ఆయనకు పాస్టరు ప్రసంగం కంటే ఒక మెట్టు పైనే.

ఆ బుధవారం పొద్దున మెట్లెక్కి వచ్చినామె కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిలో ఫోను గట్టిగా పట్టుకుంది.

"నా పేరు ఎస్తర్. బోధన్ల టీచర్ను. నా చెల్లె లిడియా అమెరికాల చనిపోయింది, నెల దాటింది. నవ్వుకుంట తిరిగి, అయిదు నిమిషాల్ల పోయిందంటున్నరు. నేను నమ్ముతలేను మేడం."

"ఎందుకు నమ్ముతలేవు బేటీ? ముందు కూసో."

కూర్చున్నాక ఎస్తర్ మెల్లగా అంతా చెప్పింది. సెప్టెంబరు మొదట్లో అక్కడ సోమవారం కూడా సెలవు. మూడు రోజులు కలిసొచ్చాయని లిడియా, ఆమెను చేసుకోబోయే స్టీవెన్, స్నేహితురాలు తూబా కారులో సవానా అనే పాత ఊరికి వెళ్ళారు. మూడు వందల ఏళ్ళ నాటి ఊరట. రాళ్ళు పరిచిన వీధులు, ఫౌంటెన్లు. ముగ్గురూ ఇక్కడ ఒకే కాలేజీలో చదువుకున్నవాళ్ళే. ఆదివారం సాయంత్రానికి హోటల్ గదిలో లిడియా శవమైంది.

"ఆదివారం సాయంత్రం మా ఇంట్ల ప్రార్థన కూడిక. వచ్చినోళ్ళ ఫోన్లన్ని సైలెంట్ల పెట్టి, గుమ్మంకాడి బుట్టల వేస్తం. మా అమ్మ పెట్టిన పద్ధతి. ఏడున్నరకు ఫోన్ తీసి చూస్తే లిడియావి మూడు మిస్డ్ కాల్స్. ఆరు నలభైకి, ఆరు నలభై నాలుగుకు, ఆరు యాభైకి. అక్కడ అప్పుడు పొద్దున తొమ్మిది దాటింది. నేను తిరిగి చేద్దామనుకుంటున్ననో లేదో, ఫోటో వచ్చింది."

ఫోటోలో ముగ్గురూ ఫౌంటెన్ ముందు నవ్వుతున్నారు. నీలం జాకెట్టు వేసుకున్న లిడియా అరచెయ్యి ఊపుతోంది. అరచేతిలో గోరింటాకుతో దిద్దిన నారింజ రంగు పువ్వు. కింద మాట: 'అక్కా, ఇప్పుడే దిగినం. మంచిగున్న. కాల్ పొరపాటున పోయింది.'

"నేను 'మంచిగ తిరుగుండ్రి, దేవుడు తోడుంటడు' అని పెట్టి, బువ్వ తిని పండుకున్న. పొరపాటున మూడుసార్లు పోతదా మేడం? నన్ను పిలిచిందా, పిలవలేదా? నాకు అదొక్కటే తెలవాలె. ఎల్లుండి నలభై రోజుల కూడిక. ఇక్కడికి వచ్చి ఉన్న స్టీవెన్, తూబా గూడ వస్తరు."

"శవాన్ని చూసినవా?"

"తొమ్మిది రోజులకు పెట్టె వచ్చింది. ముఖం ఎక్కువసేపు చూడలేకపోయిన. చేతులే చూసిన. గోరింటాకు ఎర్రగ పండింది." ఎస్తర్‌కు ఏడుపు ఆగలేదు.

ఆమె వెళ్ళాక మోజెస్ ఫోటోను పెద్దది చేసి అరగంట చూశాడు. "నీడలు పొద్దుటివే ఆపా. కానీ ఏ రోజు పొద్దునో చెప్పలేను. జాకెట్టు మూడు రోజులు అదే వేసుకుందట."

"నీడలు వదిలెయ్యి," అంది ఖైరున్నిసా. అంతకు మించి ఏమీ చెప్పలేదు. మోజెస్‌కు ఇది అలవాటే.

అమెరికా నుంచి వచ్చిన వైద్య నివేదికను తెలిసిన డాక్టరుతో చదివించారు. చాలాసేపు కారులో కదలకుండా కూర్చున్నందుకు కాలిలో కట్టిన రక్తం గడ్డ ఊపిరితిత్తులకు చేరింది. అయితే అయిదు నిమిషాల్లో పోలేదు, కొన్ని గంటలు బాధపడి ఉంటుందని డాక్టరు అన్నాడు.

మధ్యాహ్నం స్టీవెన్ సొంతూరు కోటగిరి వెళ్ళారు. కాలువ పక్క ఇంట్లో స్టీవెన్ అడగకముందే అంతా చెప్పేశాడు.

"ఆదివారం పొద్దున ముగ్గురం ఫౌంటెన్ కాడ ఫోటో దిగినం. అక్కడ్నుంచే లిడియా వదినకు పంపింది. మధ్యాహ్నం రూముకొచ్చి కూలబడ్డది. అయిదు నిమిషాలు గూడ కాలే."

"మళ్ళ వాపస్ ఎప్పుడు పోతవు బేటా?"

"ఇగ పోను. మనసొప్పుతలేదు."

చాయ్ తెచ్చిన వాళ్ళమ్మ నిట్టూర్చింది. "పోయి ఏం జేస్తడమ్మా? నౌకరి పోయి ఏడాదాయె."

"అమ్మా, నువ్వు లోపలికి పో," అన్నాడు స్టీవెన్ గట్టిగా.

తూబా నిజామాబాద్‌లో పుట్టింటికి వచ్చి ఉంది. పది రోజుల్లో తిరుగు ప్రయాణం. ఆమె కూడా స్టీవెన్ చెప్పిన మాటలే, అదే వరసలో, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. గోరింటాకు సంగతి వచ్చినప్పుడు మాత్రం సొంత మాటలు వచ్చాయి.

"నేనే పెట్టిన ఖాలా. శుక్రవారం కార్ల పోతుంటే పెట్టిన. మా అమ్మీ ఆకు ఎండబెట్టి దంచి పంపిన పొడి, దుకాణం కోన్ కాదు. శనివారం పొద్దున కడిగి, రంగే రాలేదని నన్ను ఏడిపించింది."

శుక్రవారం సాయంత్రం ఎస్తర్ ఇంట్లో కూడిక ముగిసి, భోజనాలు చేసి జనం వెళ్ళిపోయారు. ఎస్తర్, స్టీవెన్, తూబాలతో పాటు ఖైరున్నిసా, మోజెస్ మిగిలారు. గుమ్మం దగ్గర బుట్టలో వాళ్ళ ఫోన్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఖైరున్నిసా ఫోటో ప్రింటును చాప మీద పెట్టింది.

"తూబా, ఆకు గోరింట కడిగిన పూట ఏ రంగుంటది?"

"నారింజ. మర్నాటికి ముదురుతది."

"ఈ ఫోటోల చెయ్యి చూడు."

తూబా చూసింది. చూస్తూనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇది శనివారం పొద్దున. మేము సవానాల కారు దిగంగనే తీసింది."

"శనివారం తీసిన ఫోటోను 'ఇప్పుడే దిగినం' అని ఆదివారం పంపిండ్రు. ఆదివారానికి ఆమె చేతులు పండినయి, ఎస్తర్ పెట్టెల చూసింది. అబద్ధపు ఫోటో లిడియా ఎందుకు పంపుతది? ఆమె ఫోన్ ఇంకొకరి చేతిల ఉంది. గోరింట పెట్టిన పిల్లయితే మొదలు ఆ చెయ్యే చూసేది, ఈ ఫోటో ముట్టకపోతుండె. పంపింది మగోడు." ఖైరున్నిసా స్టీవెన్ వైపు తిరిగింది. "ముఖాలు నవ్వుతున్నయా లేదా, అంతే చూసినవు."

మోజెస్ తల పట్టుకున్నాడు. అరగంట చూసి కూడా తను చూడనిది అదే.

"నాకు తెల్వదు అక్కా," అని తూబా ఏడ్చేసింది. "ఆదివారం పొద్దున నేను పిలిస్తే, లిడియా పండుకున్నది, లేపకు అన్నడు స్టీవెన్. నేనొక్కదాన్నే ఊరు చూడ పోయిన. తర్వాత కాళ్ళు పట్టుకున్నడు, ముగ్గురం కలిసే ఉన్నమని చెప్పమన్నడు. లిడియా ఎట్లైన రాదు గదా, నన్నన్న బతకనియ్యమన్నడు."

"నౌకరి పోయి ఏడాది," అంది ఖైరున్నిసా. "నౌకరి లేకుంటే అక్కడ ఉండే కాగితాల గడువు గూడ అయిపోయింటది. అంబులెన్స్ పిలిస్తే పోలీసులొస్తరని భయపడ్డవు. అవునా?"

స్టీవెన్ తలెత్తలేదు. చాప వైపు చూస్తూనే చెప్పాడు.

"గ్యాస్ నొప్పి అనుకున్న. ఒట్టు వదినా, గట్లనే అనుకున్న. అంబులెన్స్ పిలుద్దామా అని ఆమెనే నన్ను అడిగింది. వద్దన్న. నన్ను పట్టుకపోతరని ఆమెకు గూడ భయమే. అయితే మా అక్కను అడుగుత, అక్క ఎట్లంటె అట్ల అన్నది. నేను చాయ్ తేపోయిన. వచ్చేసరికి నీకు చేస్తున్నది. నువ్వు ఎత్తలే. ఎత్తితే దవాఖానకు పొమ్మంటవని ఫోన్ తీసుకున్న. నువ్వు తిరిగి చెయ్యకుండ ఆ ఫోటో పెట్టిన."

ఎస్తర్ గోడకు ఆనుకుని నిలబడింది. అడగాల్సింది ఒకటే మిగిలింది.

"ఫోన్ గుంజుకుంటే ఊకున్నదా నా చెల్లె? అరవలేదా?"

"నీ జవాబు వచ్చింది గదా," అన్నాడు స్టీవెన్. "మీ అక్క మెసేజ్ పెట్టింది, నొప్పికి గోలీ ఏసుకొని పండుకొమ్మన్నది, దేవుడు తోడుంటడన్నది అని చెప్పిన. 'అక్క అన్నదా? అయితే సరే' అని గోడ దిక్కు తిరిగింది. సాయంత్రం వచ్చి చూస్తే..."

 బోధన్ వీధిలో చెరకు ట్రాక్టరు ఒకటి చప్పుడు చేసుకుంటూ వెళ్ళింది.

"టైముకు పోతే బతికేదా మేడం?" అంది ఎస్తర్.

అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. ఖైరున్నిసాకు అది చేతకాలేదు. "బతికే ఆశ ఉండెనన్నడు డాక్టర్."

స్టీవెన్‌ను ఎస్తర్ కొట్టలేదు, తిట్టలేదు. అతన్ని దాటుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి బుట్టలోంచి తన ఫోను తీసింది. నలభై రోజులుగా తీసెయ్యని మూడు మిస్డ్ కాల్స్ వైపు చూసింది. లిడియా పేరు మీద వేలు పెట్టి చెవికి ఆనించుకుంది. స్విచాఫ్ అని చెబుతున్న గొంతు గదిలో అందరికీ వినబడింది.

"నేను పండుకొమ్మనలే బిడ్డా," అంది ఎస్తర్, ఫోనులోని ఆ గొంతుతో. "నేను అనలే."

కాల్ దానంతటదే ఆగిపోయింది. ఆమె మళ్ళీ చేసింది.