నల్లా గ్రూపులో ఇరవై ఏడు ఫొటోలు

“అమ్మీ! పన్నెండు వందల మందికి నచ్చింది!”

ఉమేరా ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. అది నిన్న ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన రీల్. అమ్మ కుట్టిన ఆకుపచ్చ ఫ్రాక్ వేసుకుని ఉమేరా గిర్రున తిరుగుతుంది. ఒకటే తిరగడం! చూసేవాళ్ళకి కళ్ళు తిరగాలి గానీ, పన్నెండు వందల మంది గుండె గుర్తు నొక్కారు.

అమ్మ మైమూనా గరిటె పక్కన పెట్టి చూసింది. ఇంట్లో వాళ్ళు ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. మన కోసం తెలుగులో చెబుతున్నాను.

“ఎవరు బేటా వీళ్ళంత?”

“ఈమెది సూరత్. ఈయన దుబాయ్‌ల ఉంటడట. ఈమెది ఏ ఊరో తెల్వది.”

“మన లైన్‌ల ఎవ్వరు లేరా?”

ఉమేరా వేలితో కిందికి జరిపింది. ఇంకా కిందికి జరిపింది. లైన్‌లో, అంటే తమ వీధి ఇళ్ళ వరసలో, ఉండేవాళ్ళు ఎవరూ లేరు.

వాళ్ళు కరీంనగర్ నుంచి గోదావరిఖని వచ్చి మూడు నెలలైంది. అబ్బా, అంటే నాన్న, ఖాజా లారీల షెడ్డులో మెకానిక్. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే వస్తాడు. కరీంనగర్‌లో అమ్మ కుట్టుమిషన్‌కి తీరికే ఉండేది కాదు. బట్టలు తెచ్చిన ఆడవాళ్ళు మెట్ల మీద కూర్చుని ముచ్చట్లు పెట్టేవాళ్ళు. వాళ్ళ పిల్లలు ఉమేరాతో ఆడేవాళ్ళు. ఇక్కడా గుమ్మం పక్కన ‘బట్టలు కుట్టబడును’ అని రాసి ఒక అట్ట కట్టారు. దాని మీద అప్పుడే నల్లటి బొగ్గు దుమ్ము పట్టింది.

బడిలో కూడా అంతే. అన్నం తినేటప్పుడు ఉమేరా పక్కన ఎవరూ కూర్చోరు. ఎవరూ పొమ్మనలేదు. రమ్మని కూడా అనలేదు.

“ఈ నెల చూస్త,” అంది అమ్మ. “ఎవ్వరు రాకపోతే మిషన్ అమ్మేస్త. ఊకె దాన్ని చూసుకుంట కూసుంటే నాకు మంచిగనిపిస్తలేదు.”

ఉమేరా మిషన్ వైపు చూసింది. మిషన్ కూడా పోతే ఈ గుమ్మం ఇంకెవరు ఎక్కుతారు?

అప్పుడే ఒక ఉపాయం తట్టింది. అమ్మ ఫోన్‌లో ‘మా లైన్ నల్లా’ అనే వాట్సాప్ గ్రూపు ఉంది. ఇల్లు అద్దెకిచ్చినప్పుడు ఓనరు అమ్మని అందులో చేర్చాడు. నల్లాలో నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పలేం. ముందు చూసినవాళ్ళు ‘నల్లా వచ్చింది’ అని అందులో పెడతారు. లైన్‌లోని ఇళ్ళన్నీ అందులో ఉన్నాయి. ఇంకేం కావాలి?

ఆ రోజు ఆదివారం. పొద్దున పది గంటలు. ఉమేరా అమ్మకి చెప్పకుండానే ఫొటోలు పంపడం మొదలుపెట్టింది. జాకెట్లు, ఫ్రాకులు, దిండు గలీబులు. ఒకటి తర్వాత ఒకటి, ఇరవై ఏడు.

టింగ్. టింగ్. టింగ్.

ఎదురింటి పోశవ్వ బకెట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే కోడలు రెండు బిందెలతో వచ్చింది. లైన్ పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. అందరూ నల్లాలు తిప్పారు. గాలి బుస్సుమంది. చుక్క నీళ్ళు రాలేదు.

“నీళ్ళేయి? ఫోన్ టింగ్ టింగ్ మనవట్టె గదా!” అంది పోశవ్వ.

కిటికీలోంచి చూస్తున్న ఉమేరాకి నవ్వొచ్చింది. అంతలో పక్కింటి కిషన్ బయటికొచ్చాడు. అతను గనిలో పనిచేస్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నైట్ షిఫ్టు చేసొచ్చి గిప్పుడే పండుకున్న. ఏంది గీ లొల్లి?”

ఉమేరా నవ్వు ఆగిపోయింది.

ఫోన్ ఇంకోసారి మోగింది. కిషన్ భార్య సంధ్యారాణి పెట్టిన మెసేజ్ అది. ‘మైమూనా, గిది నల్లా గ్రూపు. నైట్ షిఫ్టు వాళ్ళు పండుకున్నరు. ఫొటోలు పెట్టకుండ్రి.’

అమ్మ అది చదివింది. వెళ్ళి మిషన్ మీద గుడ్డ కప్పింది. తిట్టినా బాగుండేదని ఉమేరాకి అనిపించింది.

ఫొటోలన్నీ తీసేసి, మెట్ల మీద ఒక్కతే కూర్చుంది. పక్కింటి కిటికీకి నల్ల దుప్పటి కట్టి ఉంది. మూడు నెలలుగా చూస్తూనే ఉంది. వాళ్ళకి వెలుతురు పడదేమో అనుకునేది. పగలు నిద్రపోయే మనిషి కోసమని ఇప్పుడు అర్థమైంది.

నాలుగున్నరకి దుప్పటి తీశారు. ఉమేరా భయం భయంగా వెళ్ళి తలుపు కొట్టింది. ఆ లైన్‌లో ఆమె కొట్టిన మొదటి తలుపు అదే.

“కాకా, ఫొటోలు పెట్టింది అమ్మీ కాదు, నేను. మీ నిద్ర పాడు చేసిన.”

చాయ్ తాగుతున్న కిషన్ ఆమెను కూర్చోమన్నాడు. “బొగ్గుబాయిలకు దిగినంక నిద్రొస్తే పానం మీదికొస్తది బిడ్డా. అందుకే కోపమొచ్చింది.”

“గన్ని ఫొటోలెందుకు పెట్టినవ్?” అని అడిగింది సంధ్యారాణి.

“ఇన్‌స్టాల పన్నెండు వందల మంది చూసిండ్రు. ఒక్కరు రాలె. అమ్మీ మిషన్ అమ్మేస్తనంటుంది.”

“ఎక్కడోళ్ళు వాళ్ళు?”

“సూరత్, దుబాయ్...”

“దుబాయాయన జాకెట్ కుట్టించుకునేటందుకు గోదారిఖని వస్తడా?” అన్నాడు కిషన్. ఉమేరాకి కూడా నవ్వొచ్చింది.

“మరి మీరు ఏం చూస్తరు చిన్నమ్మా?”

“నేను వాట్సాప్ స్టేటస్‌లు చూస్త, చాయ్ తాగుకుంట. మీ కాక ఫేస్‌బుక్‌ల పాత దోస్తులను చూస్తడు. పోశవ్వ కోడలు యూట్యూబ్‌ల జాకెట్ల డిజైన్లు చూస్తది. చూసి, బజారుకు పోయి కుట్టిస్తది. మీ అమ్మ కుడ్తదని మాకేం తెల్సు?”

ఉమేరా ఆ గుమ్మంలోంచే తమ ఇంటి వైపు చూసింది. అట్ట కనిపిస్తోంది. అక్షరాలు కనిపించడం లేదు.

“స్టేటస్ పెడితే మంచిగుంటది. టింగుమని చప్పుడు కాదు,” అంది సంధ్యారాణి. “కానీ మా నంబర్ మీ తాన, మీ నంబర్ మా తాన సేవ్ ఉండాలె. లేకపోతే కనవడది.”

అంటే ముందు ఇల్లిల్లూ తిరగాలి. పన్నెండు వందల గుండెలు సంపాదించడం కన్నా ఇదే కష్టమనిపించింది ఉమేరాకి.

ఇంటికెళ్ళి అమ్మకి అంతా చెప్పింది. తడిగుడ్డతో అట్ట తుడిచింది. ఆ వారం రోజూ సాయంత్రం నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరింది. దుప్పటి కట్టి ఉన్న ఇంటి తలుపు కొట్టలేదు. కొందరు నంబర్ ఇచ్చారు. ఒకామె తర్వాత రమ్మంది. ఒకాయన తలుపే తీయలేదు. శనివారానికి పద్నాలుగు పేర్లయ్యాయి.

ఆదివారం నాలుగింటికి అమ్మ స్టేటస్‌లో ఇద్దరూ కలిసి ఒక్క ఫొటో పెట్టారు. నీలం జాకెట్. కింద ‘మైమూనా, నీలం గేటు ఇల్లు’ అని రాశారు.

ఫోన్ మోగలేదు. ముగ్గురు చూశారు. తర్వాత ఏడుగురు. గుండె గుర్తులేమీ రాలేదు. ఉమేరా దిగులుగా ఫోన్ పక్కన పెట్టేసింది.

గేటు చప్పుడైంది. పోశవ్వ! చంకలో ఎర్ర జాకెట్ గుడ్డ ఉంది.

“మా కోడలు ఫోన్ల చూపెట్టింది. నాకు మోచేతులదాంక చేతులు పెట్టి కుట్టాలె. గిప్పుడే కావాలె, లగ్గానికి పోవాలె.” ఆమె ఉమేరా వైపు చూసింది. “ఉమేరా అంటే నువ్వేనా? లైన్ల అందరు నీ ముచ్చటే చెప్తుండ్రు.”

అమ్మ మిషన్ మీది గుడ్డ లాగేసింది. కొలతలు తీసి, గుడ్డ కత్తిరించి, కాలు పెడల్ మీద పెట్టింది.

“అమ్మీ, ఒక్క నిమిషం!”

ఉమేరా బయటికి పరుగెత్తి చూసొచ్చింది. “కాక కిటికీకి దుప్పటి ఇంకా ఉంది.”

అమ్మ కాలు తీసేసింది.

“ఆగుదాం తీ,” అని పోశవ్వ మెట్టు మీద చతికిలబడింది. “లగ్గం రేపు గదా.”

అమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఇద్దరి మధ్యా ఉమేరాకి చోటు చేశారు. దుప్పటి ఎప్పుడు తీస్తారా అని ముగ్గురూ కిటికీ వైపు చూస్తూ, గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.