బోర్లించిన గ్లాసు

పెళ్లిచూపులకు వచ్చినవాణ్ని రామేశ్వరమ్మ అడిగిన మొదటి మాట, "ఆ గాజులామె ఎవురు?" అని.

వక్కాకు పళ్లెం అందిస్తున్న తండ్రి బాలన్న చెయ్యి అక్కడే ఆగింది. బయట ముసురు. ఎండ మొహం చూడక ప్రొద్దుటూరంతా దిగులుగా ఉంది. అమ్మకానికి పేర్చిన గొంగళ్ల వాసన ఇంటినిండా ఉంది.

పెళ్లికొడుకు కుళ్లాయప్ప జమ్మలమడుగు హైస్కూల్లో తెలుగు మాస్టరు. మనిషి సన్నం, మాట పొదుపు.

"ఏ గాజులామె?" అన్నాడు.

"వారపత్రికలో మీరే రాసినారు గదా."

రామేశ్వరమ్మ ఎస్సెల్సీ పాసైన పిల్ల. పత్రిక రాగానే సీరియల్ వదిలేసి, పేజీ అడుగున మూల నక్కి ఉండే చిన్న కవితలు వెతుక్కునే రకం. చూడకుండానే అప్పజెప్పింది.

"పెన్నలో తీసిన చెలమ.
ఇసుకలో వేళ్ల గుర్తులు.
నీళ్లు ఊరినాయి.
గాజుల చప్పుడు లేదు."

"పాడమంటే ఇదేం పాటమ్మా," అని గొణిగింది పెళ్లికొడుకు మేనత్త చిన్నసుబ్బమ్మ.

"ఇసుకలో వేళ్ల గుర్తులు కనపడినాయంటే శానా దగ్గర కూర్చోనుండాల. ఒకామెను మనసులో పెట్టుకోని ఈడికి రావడం ఏం న్యాయం?" అంది రామేశ్వరమ్మ.

కుళ్లాయప్ప తల వంచుకున్నాడు. "మా చెల్లెలు. నీళ్లు తెచ్చేది. పోయినేడు కలరాలో పోయింది."

ఆ గొంగళ్ల కింద దూరి పడుకుంటే బాగుండుననిపించింది రామేశ్వరమ్మకు.

"తప్పుగా చదివినా," అంది. కానీ అంతటితో ఊరుకునే మనిషి కాదు. "ఇంగొకటి అడుగుతా. మీ కవితల్లో దొడ్డి ఉంటాది, గొర్రెలుండవు. మంచం ఉంటాది, అవ్వ ఉండదు. ఉండేవాళ్లు ఒక్కరన్నా ఉండరేంది?"

అతను అప్పుడు తల ఎత్తి ఆమెను చూశాడు. వచ్చిన పని అదే అయినా, అంతవరకూ చూడలేదు.

"ఉండేవాళ్లు కండ్ల ముందరే ఉంటారు గదా. లేనోళ్లకే ఇంత చోటు కావాల."

"అట్లయితే నన్ను రాయొద్దు," అంది రామేశ్వరమ్మ.

పిల్ల ఒప్పుకుందని అందరికంటే ముందు చిన్నసుబ్బమ్మకే అర్థమైంది. నింపాదిగా వక్కాకు నోట్లో వేసుకుంది.

మాట నిలబెట్టుకునే మగవాడితో కాపురం ఎంత కష్టమో జమ్మలమడుగు వచ్చాక గానీ రామేశ్వరమ్మకు తెలిసిరాలేదు. కుళ్లాయప్ప బడి గంట కొట్టి కొట్టి చనిపోయిన ముసలాయన మీద రాశాడు. వీధి చివర ఎండిపోయిన బావి మీద రాశాడు. పెళ్లాం మీద ఒక్క ముక్క రాయలేదు.

"ఏమక్కా, చచ్చిన ఎద్దు మీద గూడా రాసినాడంట మాస్టరు. నీ మీద ల్యా?" అంది పక్కింటి జైబున్నీసా.

"నేనింకా చావలేదు గదా."

ఇద్దరూ నవ్వారు. జైబున్నీసా నవ్వి ఇంటికి పోయింది. ఆ మాట మాత్రం రామేశ్వరమ్మ దగ్గరే ఉండిపోయింది.

"ఎద్దుపాటి విలువ ల్యాకపాయ నాకు," అంది సాయంత్రం మొగుడితో.

"వద్దన్నది నువ్వే గదా."

"వద్దంటే? ఇంగొకసారి అడగగూడదా?"

"అడిగితే రాయమంటావా?"

"వద్దనే అంటా."

కుళ్లాయప్ప బడి పిల్లల నోటుబుక్కులు ముందరేసుకుని దిద్దడం మొదలుపెట్టాడు. అదే పెద్ద తప్పయింది. మర్నాడు ఆమె పుట్టింటికి బయల్దేరితే, ట్రంకుపెట్టె తనే మోసుకొచ్చి ప్రొద్దుటూరు బస్సు మీదికెక్కించాడు. పోవద్దని గానీ, ఎప్పుడొస్తావని గానీ అనలేదు. బస్సు మలుపు తిరిగేదాకా వానలో నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలియదు.

పుట్టింట్లో ముసురు పట్టిన రోజులు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోయాయి. జాబు రాలేదు. వారపత్రిక వచ్చింది.

"రెండు ఇత్తడి గ్లాసులు.
ఒకదాంట్లో టీ.
బోర్లించిన దాని కింద
ఇంత చీకటి."

బాలన్న చదివి, "పాపం, సామాన్లు గూడా ఆయప్పే కడుక్కుంటాండాడు," అన్నాడు.

ఆ రెండో గ్లాసు రామేశ్వరమ్మదే. చెల్లెలు, అవ్వ, ఎద్దు ఉండే చోటికి తనూ చేరిపోయింది. గొడుగు కూడా తీసుకోకుండా బస్టాండుకు నడిచింది.

తడిసి ముద్దయి గడపలో నిలబడిన పెళ్లాన్ని చూసి కుళ్లాయప్ప లేచాడు.

"నేనేమన్నా సచ్చిపోయినానా మామా?"

"ఈడ లేవు గదా."

"మాట తప్పినావు."

"తప్పినా."

"రమ్మని ఒక జాబు రాస్తే అరిగిపోతావా?"

"రాసినా గదా." అతను పత్రిక వైపు చూశాడు. "నువ్వు చదువుతావని తెలుసు. తప్పుగా చదువుతావేమోనని భయపడినా."

"ఈసారి సరిగానే చదివినాలే."

ఆమె లోపలికి పోయింది. గూట్లో ఇత్తడి గ్లాసు నిజంగానే బోర్లించి ఉంది, చిలుము పట్టి. తీసి చింతపండు పెట్టి తోమసాగింది. కుళ్లాయప్ప టీకి పొయ్యి ముట్టిస్తూ ఊదడం ఆపేశాడు.

"ఏంది వింటాండావు?"

"ఏం లేదు," అన్నాడు. ఆమె చేతి గాజులు గ్లాసుకు తగులుతున్నాయి.

వాన తెరిపివ్వలేదు. ఆ తర్వాత వారం పత్రికలో కుళ్లాయప్ప కవిత లేదు. అది ఉండాల్సిన మూలలో ఎవరిదో తలనొప్పి మందు ప్రకటన ఉంది. రామేశ్వరమ్మ దాన్ని రెండుసార్లు చదువుకుంది.