క్వారీ తొవ్వకు అడ్డం పెట్టిన కంప

చీకటి పడ్డంక పాత క్వారీ పేరు మా దిక్కు ఎవ్వలూ ఎత్తరు. కంచె బీడు నడిమిట్ల రాయి తవ్వి తవ్వి వదిలేసిన గుంత అది, తాటిచెట్టంత లోతు. రాత్రి దాని అంచుకు పోయినోళ్లు సొంత కాళ్ల మీద తిరిగి రారంటరు. గొర్లకాపర్లు సుత పొద్దుండంగనే మందను మలుపుకొని పోతరు.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు. నేను ఐదో తరగతి. ప్రతి ఎండకాలం మా ఇంటిల్లిపాది, నాయినను కన్న అవ్వ సుత, కట్టంగూర్ నుంచి గుట్ట మీది సిలువ పండుగకు నడిచిపోయేటోళ్లం. మూడు దినాల నడక. గుండ్లు, బీళ్లు, కంచెలు... పొద్దుగూకిన కాడ్నే గొంగడి పరుచుడు, మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం వండుడు.

తొవ్వ చీలిన కాడ ముందు పోయేటోళ్లు, పోగూడని తొవ్వకు ముళ్లకంప అడ్డం పెట్టాలె. ఎన్కొచ్చేటోళ్లకు అదే గుర్తు.

రెండో దినం మాపటికి మా నాయిన సాల్మన్ క్వారీ తొవ్వకు కంప అడ్డమేసి ముందుకు పోయిండు. నేను ఆగిన. ఎన్క మా చిన్నాయిన బిడ్డ స్నేహలత వస్తాందని నా లెక్క. పొద్దుగాల నుంచి నన్ను "నత్తోడా, నత్తోడా" అని సతాయిస్తాంది. జర క్వారీ దయ్యాన్ని చూసొస్తది తీయ్ అనుకొని, కంపను గుంజి మంచి తొవ్వకు అడ్డమేసిన. నవ్వుకుంట ఉరికిన.

విడిదికి పోయి చూస్తే — పొయ్యి ఊదుతున్నది స్నేహలత!

"నువ్వు... ఎన్క లేవా?"

"చెలకలకెల్లి అడ్డం వచ్చిన. అవ్వనే ఉంది ఎన్క. కాల్ల ముల్లు తీస్కొని వస్త, నువ్వు పో అన్నది. ఏందిరా, మొఖం గట్ల పెట్టినవు? దయ్యం గిట్ల పట్టిందా?"

నేను మర్లి వచ్చిన తొవ్వ దిక్కు చూసిన.

మా బిక్షమ్మ అవ్వకు రేచీకటి.

అన్నం ఉడికింది. అవ్వ రాలే. నాయిన బ్యాటరీ లైటు పట్టుకొని, వచ్చిన తొవ్వనే ఎన్కకు పోయిండు. "అవ్వా...! ఓ అవ్వా...!" గొంతు దూరమైతాంది — క్వారీకి ఇంకింత దూరం.

ఒక్క మాట చెప్తే అయిపోయేది. గుంత దిక్కు చూడు నాయినా, అని.

చెప్పలే. వీపు పగులుతదని భయం. దుప్పటి ముసుగేసుకొని స్నేహలత పక్కన పండుకున్న... నిద్రపోయినట్టు.

ఎంతసేపైందో... గులకరాళ్ల చప్పుడు. క్వారీ దిక్కు నుంచి.

ముసుగు సందుల నుంచి చూసిన. అవ్వ. ఒక్కతే. కుడిచెయ్యి కిందికి చాపి — చిన్న పిల్లగాని చెయ్యి పట్టుకున్నట్టు — నడిచొస్తాంది.

"పోరడు రాకుంటే గుంతల పడుదును," అన్నది కూలబడి.

"ఏ పోరడే, అవ్వా?" స్నేహలత లేచి కూసున్నది.

"గీడేనే. ఇప్పుడే చెయ్యి ఇడిసి నీ పక్కకొచ్చె గదా."

"వీడా! వీడు ఇక్కడికెల్లి లేస్తే గదా!"

అవ్వ నా పనేందో పసిగట్టి, నన్ను కాయనీకె అబద్ధమాడిందనుకున్న. స్నేహలత కేకేస్తే నాయిన చీలిక దాకా పోకుంటనే తిరిగొచ్చిండు. అందరు పండినంక, పాక్కుంట అవ్వ కాడికి పోయిన.

"అవ్వా..." చెవుల గుసగుసలాడిన. "అబద్ధమెందుకాడినవు?"

"అబద్ధమేందిరా?" అవ్వ నా మొఖం తడిమింది. "తొవ్వ పొడుగూత ఏడ్సుకుంట తీస్కొస్తివి. 'కంప నేనే జరిపిన అవ్వా, నాయినకు చెప్పకు' అంటివి. చెప్పనులే. పండుకో."

గా మాట... అప్పటికి నేనింకా ఎవ్వలికీ చెప్పలే.