క్రాంక్‌షాఫ్ట్ విన్న పిల్ల

మేరాజ్ నాకు మొట్టమొదట చూపించింది తన పిడికిలి.

అప్పుడు నేను గుంతకల్లులో, వాళ్ల నాయన, మెకానిక్కు ఇమాం హుస్సేన్ ఉస్తాద్ షెడ్డులో నిలబడి ఉన్నాను. హైస్కూలు మాస్టరుకు ఎర్ర స్పోర్ట్స్ కారెందుకని అడగకండి. ఊరొదిలి వెళ్తున్న రైల్వే ఇంజనీరొకరు చవగ్గా ఇస్తానంటే, రెండే సీట్లున్నాయని మురిసిపోయి కొన్నాను. రెండో సీటు సంగతి అప్పటికింకా తేలలేదు. ఇంతలో గుత్తి దారిలో ఎత్తు ఎక్కుతూ ఇంజను ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది.

ఉస్తాద్ ఇంజను విప్పి, దానికి వెన్నెముకలాంటి క్రాంక్‌షాఫ్ట్ బయటికి తీశాడు. దాన్ని తాడుతో దూలానికి వేలాడదీసి చిన్న సుత్తితో కొట్టాడు. ఇనుము మంచిదైతే గంటలా మోగుతూనే ఉంటుందట. లోపల పగులుంటే మోత చప్పున చచ్చిపోతుందట.

అంతలో ఇంటి వాకిలి పరదా సందులోంచి గాజుల చెయ్యొకటి బయటికొచ్చింది. బిగించిన పిడికిలి! నా వైపే!

"పగిలిపోయింది మాస్టరూ. వేరేది తెప్పించల్ల" అన్నాడు ఉస్తాద్.

నాకు కారు బెంగ పోయి పిడికిలి బెంగ పట్టుకుంది. వీధి కొళాయి దగ్గర మేరాజ్ బిందెతో ఎదురైతే, ఆ గాజులు గుర్తుపట్టి ఉండబట్టలేకపోయాను.

"నేనేం తప్పు చేసినానని పిడికిలి చూపినావు?"

"నీకా? నిన్ను కొట్టేంత తీరిక నాకు యాడుండాది? అది మా నాయనకు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇరవై ఏండ్లు రైలింజన్ల లోకో షెడ్డు మోతలో పని చేసినాడు. మాటలు వినపడతాయి గానీ ఇనుము మోత తెలీదు. నేను వింటా. పగిలుంటే పిడికిలి, బాగుంటే అరచెయ్యి. ఎవురికన్నా చెప్పినావంటే లారీలోళ్లు ఒక్కడూ ఈడికి రాడు. మా పొయ్యి ఆరిపోతాది."

"చెప్పను. అల్లా మీద ఒట్టు."

"మాస్టర్లకు నోరాగుతాదా?"

ఆగింది. మద్రాసు పాత సామాన్ల అంగడి నుంచి ఇంకో షాఫ్టు వచ్చేసరికి నెలన్నర పట్టింది. వచ్చిందా అని షెడ్డుకు పోయి అడగని రోజు లేదు.

"పార్సిలాఫీసులో అడగల్ల గానీ మా ఇంటికొస్తావేమప్పా?" అనేది పరదా వెనక నుంచి.

"ఆడ టీ ఇయ్యరు."

మనిషి కనపడేది కాదు. నవ్వు మాత్రం పరదా దాటి వచ్చేది.

షాఫ్టు వచ్చిన రోజు లారీల ఈశ్వరప్ప కూడా షెడ్డులో కూర్చుని ఉన్నాడు. ఉస్తాద్ సుత్తితో కొట్టి పరదా వైపు చూశాడు. చెయ్యి రాలేదు. మేరాజ్ నీళ్లకు పోయింది. ఆయన నుదుట చెమట పట్టింది.

"ఏమంటాది ఉస్తాద్?" అన్నాడు ఈశ్వరప్ప.

ఆ అవస్థ చూడలేకపోయాను. నా చెవికి గంటలాగే మోగినట్టుంది. మోగాలని ఆశ కూడా కలిసిందేమో. ఈశ్వరప్ప వెనక నిలబడి అరచెయ్యి చూపించాను.

ఉస్తాద్ నన్ను చూసి కొయ్యబారిపోయాడు. ఇంకోసారి కొట్టి, మెల్లగా "బాగుండాది" అన్నాడు.

"బాగలేదు నాయనా!"

బిందె గుమ్మంలోనే దించి మేరాజ్ నేరుగా షెడ్డులోకి వచ్చేసింది. షాఫ్టుకు కిరసనాయిలు పూసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, నా ముందు చెయ్యి చాపింది. "సుద్దముక్క ఉండాదా?"

నా జేబులో అది తప్ప ఇంకేముంటుంది? పొడి చేసి రుద్దింది. కాసేపటికి ఆ తెల్లదనంలోంచి, పగుల్లో దాగిన కిరసనాయిలు వెంట్రుకంత సన్నని తడి గీతై బయటపడింది.

"ఇది బిగించుకోని గుత్తి ఎత్తు ఎక్కుంటే..." అంటూ నావైపు చూసి ఆగిపోయింది.

ఈశ్వరప్ప లేచి నిలబడ్డాడు. "అయితే ఇన్నేండ్లూ నా లారీలకు విన్నది ఈ పాపా?"

ఉస్తాద్ తల వంచుకున్నాడు. "నా చెవులు పోయినాయి ఈశ్వరప్పా. దాచిపెట్టినా."

ఈశ్వరప్ప మీసం దువ్వుకున్నాడు.

"నా బండి ఒక్కటీ దోవలో నిలబడలేదు కదప్పా. ఇంగ దాపరికమెందుకు? పాపను ఈడనే నిలబడి విననీ. రేపు ఇంకో బండి తోలిస్తా."

ఆయన వెళ్లాక నేను నసిగాను. "తప్పయింది ఉస్తాద్. మీ మాట పోతాదని చెయ్యి చూపినా."

"నా మాట కోసం నీ ప్రాణం తీసుకుంటావా? బుద్ధి లేదు నీకు." ఆయన సుత్తి కింద పెట్టాడు. "మీ నాయన్ను ఒకసారి పిలుచుకోని రా."

"ఎందుకు నాయనా?" అంది మేరాజ్, ఏమీ ఎరగనట్టు.

"నాకు చెవులే పోయినాయి. కండ్లు కాదు."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఈయప్ప చెవులూ అంతంత మాత్రమే. కానీలే, ఆ పని నేను చూసుకుంటా."

మూడో షాఫ్టు దివ్యంగా మోగింది. నికా అయిన పదకొండో రోజున ఇద్దరం ఉరవకొండకు బయలుదేరాం. సగం దారిలో, వేరుశెనగ చేల మధ్య, ఎన్నాళ్లకో వాన మొదలైంది. కారు గుడ్డ టాపు ఎప్పుడో చినిగిపోయింది.

"తడిసిపోతాండావు. యాడన్నా ఆపేదా?"

మేరాజ్ మొహం ఆకాశానికెత్తి కళ్లు మూసుకుంది. బుగ్గల మీద చినుకులు జారుతున్నాయి.

"ఈ కరువు సీమలో వానొస్తే ఎవురన్నా దాక్కుంటారా? పోనీ!"

పోనిచ్చాను.