వెనిస్‌కి నాలుగు గంటల నలభై నిమిషాలు

పొద్దున్నే పాల కోసం ఫ్రిజ్ మీద చెయ్యి వేసిన టైలరమ్మకి తలుపు నిండా ఓ కాగితం అడ్డొచ్చింది. నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టి, జిగురుతో అంటించి ఒకటి చేశారు. స్కేలుతో గీసిన గళ్లు. నల్ల సిరాతో రైళ్లు, ఎర్ర సిరాతో నడక. పైన పెద్ద అక్షరాలతో "ఇటలీ: 7 రోజులు, 5 ఊళ్లు" అని ఉంది.

అది ఆవిడ భర్త చేతిరాత. ఆయన ముప్పై మూడేళ్లు బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా చేసి, నాలుగు నెలల క్రితం రిటైరయ్యాడు. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరాలో, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో చార్టులు గీయడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఇద్దరం ఒక్కసారైనా దేశం దాటి వెళ్లొద్దామని పెళ్లయిన కొత్తలోనే చెప్పాడు. ఎక్కడికని మొన్న అడిగితే ఆవిడ తడుముకోకుండా "వెనిస్" అంది. ఆ ఒక్క ఊరే ఇప్పుడు ఐదైంది. ఇవాళ పదకొండున్నరకి వీసా ఆఫీసులో వేలిముద్రలివ్వాలి. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో రాసిన కాగితం కూడా అక్కడే ఇవ్వాలి.

ఆవిడ కళ్లజోడు తెచ్చుకుని నాలుగో రోజు దగ్గర చదివింది. "5.10 లేవడం. 5.15 స్నానం, ఆమె. 5.30 స్నానం, నేను. 5.52 హోటల్ మెట్లు దిగడం, ఆమె మోకాలి దృష్ట్యా 3 ని. అదనం." పీసాలో గోపురానికి, ఫొటోకి కలిపి నలభై నిమిషాలు. వేలు పెట్టుకుంటూ ఐదో రోజుకి వచ్చింది. వెనిస్, 11.05 నుంచి 15.45 వరకు. అందులోనే భోజనం, 25 ని. ఆ తర్వాత మిలాన్ రైలు.

"ఈ ఆమె ఎవరండీ?" అంది వెనక్కి తిరక్కుండానే.

ఆయన అప్పటికే గడియారం పెట్టుకుని, బూట్లు కూడా తొడుక్కుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఏ ఆమె?"

"మీకంటే పావుగంట ముందు స్నానం చేస్తోందే, ఆమె."

"నువ్వే. చార్టులో పేర్లు రాయం."

"బస్సుకైతే నంబరైనా ఉంటుంది."

బల్ల అవతల కూరలు తరుగుతున్న ఆడపడుచు నవ్వాపుకోలేక దగ్గింది. ఆవిడ టైమ్‌కీపర్‌కి అక్క. భర్త పోయినప్పటి నుంచి ఈ ఇంట్లోనే ఉంటోంది. కూర తరిగినంత సన్నగానూ మాటలు తరుగుతుంది.

"నవ్వకక్కా," అన్నాడాయన. "రెండు వారాలు కూర్చుని గీశాను. ఒక్క నిమిషం వృథా లేదు."

"చూశాను. ఒక్క నిమిషం లేదు," అంది టైలరమ్మ.

"మోకాలికి మూడు నిమిషాలిచ్చాను కదా?"

"ఎంత దయ! ఐదు ఊళ్లు ఎవరడిగారు మిమ్మల్ని?"

"అంత దూరం పోయి ఒక్క ఊరు చూసొచ్చామంటే డిపోలో నవ్వుతారు."

"అయితే డిపో వాళ్లనే తీసుకెళ్లండి. పాతిక నిమిషాల్లో మింగి పరిగెత్తడం వాళ్లకి అలవాటే."

ఆడపడుచు చాకు పక్కన పెట్టింది. "ఒరేయ్, పీసాలో ఆ గోపురం వందల ఏళ్లుగా వాలిపోయే ఉందట, ఇంకా పడలేదు. మీ ఆవిడ ఐదో రోజున వాలిందంటే మాత్రం నిలబెట్టడం నీ వల్ల కాదు."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందే దురదగా ఉందని మొత్తుకుంటోంది కదరా, నీకే వినపడట్లేదు!"

కూతురు ఫారాల కట్టతో లోపలికి వచ్చింది. బడిలో లెక్కల టీచరు. అమ్మానాన్నల పని కోసం ఇవాళ సెలవు పెట్టింది. "పొద్దున్నే మొదలెట్టారా? అమ్మా, ఇక్కడొకటి, ఇక్కడొకటి సంతకాలు పెట్టు. తొమ్మిదిన్నరకల్లా నేను కాగితాలన్నీ ప్రింటు తీసేయాలి."

టైలరమ్మ పెన్ను అందుకోలేదు. "నేను పెట్టను. నేను రావడం లేదు."

"అమ్మా!"

"మీ నాన్ననీ, ఆ ఆమెనీ వెళ్లిరమ్మను."

టైమ్‌కీపర్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "చూశావా? ఎప్పుడూ ఇంతే. తను చెయ్యదు, చేసేవాణ్ణి చెయ్యనివ్వదు. వెనిస్ అంది, పెట్టాను. పెట్టానా లేదా? అసలు వెనిస్‌లో నీకేం పనుంది? నీళ్లు, పడవలు, పాచి పట్టిన గోడలు. నాలుగు గంటల నలభై నిమిషాలే ఎక్కువ దానికి!"

టైలరమ్మ ముందు గదిలోకి వెళ్లింది. అక్కడ కుట్టుమిషన్, దాని పక్కన బడిపిల్లల యూనిఫాం చొక్కాలు గుట్టగా ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో నల్ల పిడి కత్తెర ఉంది.

ఆ ఇంట్లో ఆ కత్తెర జోలికి ఎవరూ పోరు. అది గుడ్డకి తప్ప దేనికీ తగలకూడదు. కాగితం కోస్తే పదును చచ్చిపోతుంది. కూతురు ఎనిమిదేళ్లప్పుడు బడిలో బొమ్మ కోసం దాంతో అట్ట కత్తిరించింది. జన్మలో అమ్మ చేతి దెబ్బ తిన్నది ఆ ఒక్కసారే.

టైలరమ్మ ఫ్రిజ్ మీంచి చార్టు పీకింది. బల్ల మీద పరిచి, అలవాటు కొద్దీ అరచేత్తో మడతలు సరిచేసింది. రోమ్ దగ్గర మొదలుపెట్టి మిలాన్ దాకా, గళ్ల మధ్యలోంచి, ఆ కత్తెరతోనే కోసుకుంటూ పోయింది. కరకరమని తెగిన కాగితం ముక్కలుగా రాలింది.

"అమ్మా... అది గుడ్డ కత్తెర," అంది కూతురు చివరికి.

"నాకు తెలీదా?"

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు టైమ్‌కీపర్.

"పట్టాల్సింది ఎప్పుడో. ముప్పై మూడేళ్లు మీ డ్యూటీ టైముకే లేచాను. నాలుగింటి డ్యూటీ అంటే మూడింటికి లేచాను. డ్యూటీ మారితే నా నిద్ర మారింది, తిండి మారింది. ఇప్పుడు దేశం కాని దేశం పోయి కూడా మీ విజిల్‌కి ఉరకాలా? నేనేమన్నా మీ డిపోలో బండినా?"

"సరే. నేనొక్కణ్ణే వెళ్తాను."

"వెళ్లండి. ఐదేం ఖర్మ, యాభై ఊళ్లు చూసి రండి."

ముందు గదిలో మిషన్ మొదలైంది. మామూలుగా ఆగి ఆగి నడిచే మిషన్ ఆ పూట ఊపిరి పీల్చుకోకుండా నడిచింది. టైమ్‌కీపర్ గోడ గడియారం చూశాడు, చేతి గడియారం చూశాడు, మళ్లీ గోడ గడియారం చూశాడు.

కూతురు ముక్కలు ఏరి బల్ల మీద పేర్చడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు బడి వదిలాక డిపోలో నాన్న బల్ల కిందే హోంవర్కు చేసుకునేది. అలాంటి చార్టులు వందలు చూసింది. పేరుస్తూ పేరుస్తూ ఆగిపోయింది.

"నాన్నా, విశ్రాంతి గడి ఏది?"

ఆయన ముక్కల మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ప్రతి ట్రిప్పు చివరా సన్నటి గడి ఒకటి ఉండేది కదా, పది నిమిషాలది. కొత్త మేనేజరు వచ్చి దాన్ని తీసెయ్యమంటే నువ్వు తియ్యలేదు. నిన్ను ఆర్నెల్లు గోదాములో టైర్లు లెక్కపెట్టుకోమని కూర్చోబెట్టారు. అయినా తియ్యలేదు. ఎన్నిసార్లు చెప్పావు మాకా కథ! డ్రైవర్లందరికీ ఇచ్చావు నాన్నా. అమ్మకేది?"

"ఇంతకుముందు ఉన్నట్టుందే ఇక్కడ," అంది ఆడపడుచు ఓ ముక్క వెలుతురుకి పట్టుకుని. "పెన్సిలు గీత చెరిపిన మచ్చ ఉంది. ఇదిగో, దీంట్లోనూ ఉంది. ఏరా, గీసి చెరిపావా?"

టైమ్‌కీపర్ అక్క చేతిలోంచి ముక్క లాక్కున్నాడు. కానీ అరవలేదు. దాన్ని పట్టుకుని ముందు గదిలోకి నడిచాడు.

మిషన్ ఆగలేదు.

"నీడ పడుతోంది. పక్కకి జరగండి," అంది టైలరమ్మ తల ఎత్తకుండా.

ఆయన జరిగాడు. "మొదట్లో పెట్టాను," అన్నాడు.

"ఏంటి?"

"విశ్రాంతి గళ్లు. రోజుకి రెండు, గంటేసి. వెనిస్‌లో అయితే మూడు. తర్వాత చెరిపేశాను."

"చాలా మంచి పని చేశారు."

"అది కాదు..." చేతిలో ముక్కని మడిచాడు, విప్పాడు. "బస్సు ఆగితే డ్రైవరూ కండక్టరూ టీ తాగుతారు. కబుర్లు చెప్పుకుంటారు. మనం గంటసేపు ఒక చోట ఆగితే ఏం చేస్తాం? నేనొచ్చేసరికి నువ్వు మిషన్ మీద ఉండేదానివి, నువ్వు మిషన్ దిగేసరికి నేను నిద్రలో ఉండేవాణ్ణి. ఈ నాలుగు నెలల్లో నీతో ఏం మాట్లాడానో ఆలోచించాను. పాలు వచ్చాయా, కరెంటు పోయిందా. అంతే. ఆ గడిలో ఏం రాయాలో నాకు తోచలేదు. భయమేసింది. అందుకే ఊళ్లు పెట్టాను."

మిషన్ ఆగింది. టైలరమ్మ సూది కింద ఉన్న చొక్కా భుజాన్నే చూస్తూ కూర్చుంది. కోపం పోలేదు. కానీ ఇందాకటి కోపం ఎటు చూడాలో తెలియనట్టు అయిపోయింది.

"వెనిస్‌లో నీకేం పని అన్నారు కదా," అంది.

"ఏదో నోరు జారి..."

"చెప్తాను, వినండి."

లేచి, గోడ మేకుకి గుచ్చిన కొలత కాగితాల్లోంచి ఒకటి తీసింది. యూనిఫాం చొక్కా చెయ్యి కత్తిరించే నమూనా అది. ఇరవై ఏళ్లకి పైగా దాన్ని గుడ్డ మీద పెట్టి గీస్తూనే ఉంది. అంచులు మెత్తబడి గుడ్డలాగే అయిపోయాయి. తిప్పి ఆయన చేతికిచ్చింది.

వెనక రంగుల బొమ్మ ఉంది. పాత క్యాలెండరు కాగితం. రెండు ఇళ్ల మధ్య సన్నటి కాలువ. కిటికీ నుంచి కిటికీకి కట్టిన తాడు మీద ఆరేసిన గళ్ల చొక్కా. కింద ఓ చిన్న వంతెన. వంతెన సగం దాకా వచ్చి, చంక వంపు దగ్గర తెగిపోయింది.

"క్యాలెండరు అయిపోయిందని నమూనాకి కత్తిరించాను. తర్వాత చూసుకున్నాను బొమ్మని. మిగతా సగం అప్పటికే చెత్తలో పోయింది. ఎన్ని వేల చేతులు కోశానో దీంతో! కోసినప్పుడల్లా అనుకుంటాను, ఆ వంతెన అవతల ఏముందా అని. ఎవరన్నా నిలబడ్డారా, ఇంకో కాలువ ఉందా? పోయి ఆ పక్కన కూర్చుని చూడాలి. నాలుగు గంటలో నలభై గంటలో తెలీదు. కాలి కింద మిషన్ లేకుండా కూర్చోవాలి. అదీ నాకున్న పని."

టైమ్‌కీపర్ ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. రోజూ చెప్పులు వేసుకునేటప్పుడు ఆయన తల ఆ మేకుకి మూరెడు దూరంలోనే ఉండేది. ఒక్కసారీ తిప్పి చూడలేదు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. అద్దాలు తుడవాల్సినంతగా ఏం మాసిపోలేదు.

"నువ్వెప్పుడూ చెప్పలేదు," అన్నాడు.

"మీరెప్పుడూ అడగలేదు."

తలుపు దగ్గర నిలబడ్డ ఆడపడుచు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తొమ్మిదైంది. ఆఫీసు వాళ్లు మీ కోసం తలుపులు తీసి పెట్టరు. ఏ ఊళ్లు తీసేస్తారో తేల్చండి."

"పీసా," అన్నాడాయన. "మిలాన్." కొంచెం ఆగి అడిగాడు. "రోమ్, ఫ్లోరెన్స్ ఉండొచ్చా?"

"మధ్యాహ్నం పూట పడుకోనిస్తే ఉండొచ్చు."

"తిరుగు టిక్కెట్టు ఇంకా ఖాయం చేయలేదు, వెనిస్ నుంచే పెట్టేస్తాను," అంది కూతురు. "వెనిస్‌కి మూడు రోజులు. నాన్నా, గంటలు రాయనా?"

"వద్దు. ఊరి పేరు చాలు."

టైలరమ్మ సంతకాలు పెట్టింది. పెట్టి, కత్తెర భర్త చేతిలో ఉంచింది. "సాన పట్టించుకు రండి రేపు. మీ చార్టు వల్లే పాడైంది."

"కోసింది నువ్వు."

"కోయించింది మీరు."

పదిన్నరకి ఇద్దరూ ఫారాల సంచితో బస్టాపులో కూర్చున్నారు. బస్సు రాలేదు. టైమ్‌కీపర్ మోకాలు ఆడించాడు. మణికట్టు పైకెత్తబోయాడు. టైలరమ్మ తన అరచెయ్యి తెచ్చి ఆ గడియారం మీద పెట్టింది, గుడ్డ జారకుండా నొక్కిపెట్టినట్టు.

"ఇదే మొదటి గడి అనుకోండి. ఏదన్నా మాట్లాడండి."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఎదురుగా ఒక కుక్క లేచి, చోటు మార్చి, మళ్లీ పడుకుంది.

"ఆ గళ్ల చొక్కా ఈపాటికి ఆరి ఉంటుందంటావా?"

టైలరమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి రెండో చెయ్యే వాడింది, గడియారం మీది చెయ్యి తీయలేదు. "అక్కడ బస్సులుంటాయా?" అని అడిగింది.

"కాలువల్లో పడవలే బస్సులట. స్టాపులు కూడా ఉంటాయట."

"మీరు వాటి టైము చూశారో, ఆ కాలువలోనే తోస్తాను."

"నాకు ఈత రాదు."

"తెలుసు."

మలుపు తిరిగి బస్సు వచ్చింది. ఆయన ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని మెట్టెక్కించాడు. బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో డ్రైవరుకి చెప్పలేదు.