కిటికీ దగ్గర కరెంటు

"మీ అత్తయ్యకి జ్వరం వచ్చేలా ఉంది, జంఫీరా గారూ," అన్నాడు కల్నల్ బ్రాతు.

జంఫీరాకి అత్తయ్య లేదు. పోయి చాలా కాలమైంది. అది కోడ్. అత్తయ్య అంటే స్మరాండా, ఒకప్పటి ప్రపంచ చాంపియన్, జిమ్నాస్ట్. జ్వరం అంటే దేశం దాటి పారిపోవటం. గదిలో ఉన్నది ఇద్దరే అయినా, తలుపు వేసి ఉన్నా, కల్నల్ కోడ్ వదలడు. ఆయనకి అదొక సరదా.

బుకారెస్ట్‌లో అక్టోబరు. హీటర్లు ఇంకా వెయ్యలేదు. ఇద్దరూ ఓవర్‌కోట్లలోనే కూర్చున్నారు. బల్ల మీద రెండు కప్పుల్లో బార్లీ మాడ్చి కాచినదేదో ఉంది. దాన్ని కాఫీ అనటం కూడా కోడే అనుకోవాలి.

"ఎప్పుడట సార్?"

"ఆదివారం. శనివారం సరిహద్దు దగ్గరి తిమిష్వారాలో జిమ్నాస్టిక్స్ ప్రదర్శన. మర్నాడు పొద్దున్నే చేపల పడవలో డాన్యూబ్ దాటించి అవతలి గట్టుకి చేరుస్తారు. మనుషుల్ని సరిహద్దు దాటించే వియన్నా ముఠా ప్లాన్."

"మనకెవరు చెప్పారు?"

"లియొంటీనా." ఆ పేరు చెప్పేటప్పుడు కల్నల్ టై సర్దుకున్నాడు. "ఫ్యాషన్ పత్రిక విలేఖరి. ఇక్కడే పుట్టింది, పసిపిల్లగా ఉండగానే వియన్నా తీసుకెళ్ళిపోయారు. ముఠా తన మనిషనుకుంటుంది. జీతం మాత్రం మన దగ్గర. డబుల్ ఏజెంట్."

అంతలో గుమాస్తా ఏదో సంతకం కోసం తలుపు తీశాడు. వెనకాల కిటికీ రెక్క కాస్త తెరిచి ఉందేమో, కల్నల్ మెడ కోటులోకి లాక్కున్నాడు. "తలుపెయ్యవయ్యా బాబూ. కరెంటు కొడుతోంది."

మా దేశంలో కరెంటు రెండు రకాలు. తీగల్లో వచ్చేది ఒకటి, అది ఉండదు. తలుపుకీ కిటికీకీ మధ్య వచ్చే గాలి రెండోది, అది ఉండకూడదు. రెండింటికీ ఒకటే పేరు. ఆ రెండోది తగిలితే మెడ పట్టేస్తుంది, పన్ను సలుపుతుంది, జ్వరమొస్తుంది, మనిషి మంచాన పడతాడు. డాక్టర్లు కూడా ఒప్పుకుంటారు. వేసవిలో రైలు పెట్టెలో ఉక్కపోతకి కళ్ళు తిరిగి పడిపోతాం గానీ, రెండు వైపులా కిటికీలు తీయనివ్వం.

"మీరు శనివారం నుంచి అమ్మాయిని వదలొద్దు," అన్నాడు కల్నల్ గుమాస్తా వెళ్ళాక. "ఆదివారం రేవులో మనవాళ్ళు అందర్నీ పట్టుకుంటారు. నేను హోటల్‌కి ఫోన్ చేసి జ్వరం ఎలా ఉందని అడుగుతాను. తగ్గిందంటే ప్లాన్ భగ్నమైనట్టు. ఎక్కువైందంటే..." కప్పులో చెంచా తిప్పాడు. "ఆ మాట మీ నోట రాదులెండి. మీకు పెన్షన్ దగ్గరికొచ్చింది."

పరికరం కూడా ఇచ్చాడు. మాలీషు నూనె సీసా. మూతలో మైక్రోఫోన్.

జంఫీరా అసలు ఉద్యోగం గూఢచర్యం. నకిలీ ఉద్యోగం జాతీయ జట్టుకి మాలీషు చెయ్యటం. స్మరాండా పద్నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఈ వేషం వేసుకొచ్చింది. వేషం కోసం పని నేర్చుకుంది. నేర్చుకున్నాక చేతులు దాన్ని వదల్లేదు. ఏళ్ళు గడిచేసరికి రెండిట్లో ఏది నకిలీయో ఆవిడకే తెలియకుండా పోయింది. అమ్మాయిలందరూ ఆవిణ్ణి పిన్నీ అనేవాళ్ళు. పిల్లల్లేని మనిషి, ఆ పిలుపుకి కరిగిపోయేది. రాత్రి గదిలో కూర్చుని రిపోర్టు రాసేది: పిచ్చుక ఈరోజు ఏడ్చింది, కారణం మడమ.

ఫైల్లో స్మరాండా పేరు పిచ్చుక. జియు లోయలో బొగ్గుగని కార్మికుడి కూతురు. సెలెక్టర్లు బడికి వచ్చి పిల్లల్ని వరసగా ఇనుపకమ్మీకి వేలాడదీశారు. అందరూ ఒక్కొక్కరే జారిపోయారు. ఈ పిల్ల వేలాడుతూనే ఉంది. చేతులు బొబ్బలెక్కాక ఎవరో దింపారు. ఎందుకే అంతసేపు వేలాడావని అడిగితే, "దిగమని ఎవరూ చెప్పలేదుగా," అంది. అంతే, ఆ సాయంత్రమే బస్సెక్కించి శిబిరానికి తీసుకుపోయారు.

పదిహేనో ఏట బంగారు పతకం తెచ్చింది. కాలి వేలు విరిగి ఉంటే జంఫీరానే కట్టు కట్టింది. ఆ వేలితోనే సన్నటి దూలం మీద పల్టీలు కొట్టి, దిగి, చేతులెత్తి నవ్వింది. రేడియో ముందు దేశమంతా ఊగిపోయింది. తర్వాత ఒళ్ళు పెరిగింది, మణికట్టు పోయింది, పేరు మిగిలింది. పతకాలు క్లబ్బు అద్దాల బీరువాలో ఉన్నాయి. చూడాలంటే అనుమతి కావాలి. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. చిన్న ఊళ్ళో పిల్లలకి కోచింగ్ ఇస్తూ, కోడికాళ్ళ కోసం అందరితోపాటు క్యూలో నిలబడుతోంది. విదేశం వెళ్తానని ఎప్పుడడిగినా వద్దన్నారు.

"నేనేం నేరం చేశాను పిన్నీ?" అని ఒకసారి అడిగింది.

"గెలిచావు కదే. ఓడినవాళ్ళు పారిపోతే దేశానికి సిగ్గు కాదు."

శనివారం ప్రదర్శన అయిపోయింది. స్మరాండా ఊరికే అరేనాలోకి నడిచి, చేతులెత్తి, చిన్నపిల్లలు ఇచ్చిన పూలు తీసుకుని వచ్చేసింది. ఇంకా వెలుతురు ఉండగానే హోటల్ గదికి చేరారు. రెండో అంతస్తు, వీధి వైపు.

తలుపు తట్టి లియొంటీనా వచ్చింది. నక్కతోలు కాలరు, ఎర్రటి గోళ్ళు, గది నిండిపోయేంత సెంటు. ఆవిడ నడిచొస్తే హోటల్ పోర్టర్లు ముగ్గురు సామాను లేకుండానే వెంట వస్తారు.

"రేపు వాన పడుతుందటమ్మా," అంది స్మరాండాతో.

"గొడుగు తెచ్చుకున్నానండీ."

"అయితే ఇంటర్వ్యూ రేపే." నవ్వి వెళ్ళిపోయింది.

జంఫీరా నవ్వు ఆపుకుంది. ఇంత నాసిరకం కోడ్ కల్నల్ తర్వాత ఈవిడ దగ్గరే చూసింది.

స్మరాండా మంచం మీద బోర్లా పడుకుని బల్ల మీది సీసాకి చెయ్యూపింది. "నమస్కారం సీసాగారూ. కులాసానా?"

"నోరు మూసుకుని పడుకో," అంది జంఫీరా. సీసా సంగతి జట్టులో తెలియనిదెవరికి.

నూనె రాసి కాలిపిక్క మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి ఆగిపోయింది. ఎడమ పిక్క కర్రలా బిగుసుకుని ఉంది. పోటీకి గంట ముందు మాత్రమే అలా అవుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. ఇవాళ పోటీ ఏముంది? ప్రదర్శన కూడా అయిపోయింది.

జంఫీరాకి అర్థమైంది. ఆదివారం కాదు, ఇవాళే. పడవ లేదు, రేవు లేదు. లియొంటీనా కల్నల్ మనుషుల్ని రేవు దగ్గర చలిలో కాపలా పెట్టి, పిల్లని ఈ సాయంత్రమే దాటించబోతోంది. డబుల్ ఏజెంటే, కాకపోతే అటువైపు డబుల్.

కింద ఫోన్ ఉంది. ఒక్క మాట చాలు. జంఫీరా చేతుల కింద ఆ కాలు సన్నగా వణుకుతోంది. ఈ కాలికి ఎన్ని కట్లు కట్టిందో ఆవిడకే లెక్క లేదు. వెళ్ళనీ, అనుకుంది. ఒక్కసారైనా ఎవరూ చెప్పకుండా దిగనీ.

సీసా మూత ఊడదీసి, తువ్వాల్లో చుట్టి, బీరువాలో పెట్టి తలుపేసింది. వంగి చెవిలో అంది. "ఇవాళేనా?"

స్మరాండా తల దిండులో దాచుకుంది. భుజాలు బిగుసుకున్నాయి.

"భయపడకే. చెప్పకు. నాకు తెలిస్తే చెప్పేదాకా నన్ను వదలరు. తెలియకపోతే నేను నిజమే చెప్పినట్టుంటుంది."

"ఒక్కటి మాత్రం చెప్పాలి పిన్నీ, ఆ..."

"వద్దన్నానా. ఒక్క ముక్క కూడా వద్దు. నేను కిందికెళ్ళి కల్నల్‌కి ట్రంక్ కాల్ బుక్ చేస్తాను. లైన్ దొరికేసరికి చాలాసేపవుతుంది. చాలా అంటే చాలాసేపు. అర్థమైందా?"

స్మరాండా లేచి కూర్చుని పిన్ని నూనె చేతిని ముద్దుపెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత వెళ్ళి వీధివైపు కిటికీ బార్లా తీసింది.

"గది ఉక్కగా ఉంది," అంది.

హీటర్ లేని గదిలో, అక్టోబరు చలిలో ఉక్క ఎక్కడిదని జంఫీరా అడిగి ఉండాల్సింది. ఏళ్ళ తరబడి గూఢచారి. అడగలేదు. కళ్ళనిండా నీళ్ళున్న మనిషికి ఏం తోస్తుంది.

"వేడినీళ్ళు ఇప్పుడే వదిలారు. జుట్టునిండా ఆ పిల్లల చేతుల సుద్దపొడి. కడుక్కుని వస్తా," అంటూ స్మరాండా బాత్‌రూంలోకి వెళ్ళింది. కుళాయి చప్పుడు మొదలైంది.

జంఫీరా నూనెలు సర్దుకుంది. తన ఉన్ని శాలువా మడిచి, పిల్ల సంచీలో అడుగున పెట్టింది. అక్కడ చలి ఎలా ఉంటుందో ఏమో. కన్నీళ్ళు తుడుచుకుని గది తలుపు తీసింది.

వెనకనుంచి గాలి ఒక్క ఊపున కొట్టింది. పరదా లేచి కప్పుకి తగిలింది. నడవాలోంచి ఇంకో గాలి ఎదురొచ్చింది. పిల్ల తడి తలతో బయటికొస్తుంది. ఈ కరెంటు నేరుగా మెడకి తగులుతుంది.

అడుగులు వాటంతటవే వెనక్కి పడ్డాయి. కిటికీ మూసింది. గడియ పెట్టింది. పరదా కూడా లాగింది.

"తడితలతో కరెంటులో కూర్చోకే, కిటికీ మూశాను," అని కేకేసింది. కుళాయి చప్పుడులో లోపలికి వినపడలేదు.

కింద లాంజ్‌లో రిసెప్షన్ ఆయన ట్రంక్ కాల్ రాసుకుని, కూర్చోండమ్మా అన్నాడు. జంఫీరా అద్దాల తలుపు ఎదురుగా కూర్చుంది. వీధికి అవతల పాలవ్యాను ఆగి ఉంది. సాయంత్రం పూట పాలవ్యాను ఏమిటో అని నవ్వుకుంది. ఇదేనన్నమాట. డ్రైవరు దిగి, సిగరెట్ ముట్టించి, హోటల్ కిటికీల వైపు తలెత్తాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. సిగరెట్ కింద పడేసి, వ్యానెక్కి, వెళ్ళిపోయాడు.

జంఫీరాకి ఏమీ అర్థం కాలేదు. లియొంటీనా మెట్లు దిగి పరుగున వచ్చింది. ముఖాన రంగు తప్ప నెత్తురు లేదు.

"గది కిటికీ ఎవరు మూశారు?" పళ్ళ బిగువున అడిగింది.

"నేనే. ఏం?"

"తెరిచి ఉంటే రమ్మని. మూసి ఉంటే పట్టుబడ్డామని. అదే సిగ్నల్. పిల్ల మీకు చెప్పలేదా?"

పిల్ల అనబోయిన మాట జంఫీరాకి ఇప్పుడు తట్టింది. ఒక్కటి మాత్రం చెప్పాలి పిన్నీ.

"మళ్ళీ తీస్తాను. ఇప్పుడే తీస్తాను."

"ఎవరి కోసం? అతను ఇక రాడు. సరిహద్దు దగ్గర వాళ్ళు కూడా ఈపాటికి చెదిరిపోతారు. రెండేళ్ళు తిరిగానమ్మా దీని కోసం. ఎందుకు మూశారు? ఆ కల్నల్ చెప్పాడా?"

"కరెంటు వస్తోందని."

"కరెంటు వస్తే లైటు వేసుకోవాలి గానీ, కిటికీ మూయటమేమిటి?"

వియన్నాలో పెరిగిన మనిషికి ఎలా చెప్పాలో జంఫీరాకి తెలియలేదు. ఆ చివరి మాటే చెవిన పడ్డ రిసెప్షన్ ఆయన మాత్రం కాగితాల్లోంచి తలెత్తి, "మంచిపని చేశారమ్మా, మా బావమరిదికి అలాగే మూతి వంకరపోయింది," అన్నాడు.

ఫోన్ మోగింది. ఎప్పుడూ గంటలు పట్టే లైను, ఆ రోజే వెంటనే దొరికింది. లియొంటీనా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఫ్యాషన్ విలేఖరి అయిపోయింది.

"ముఠా ముహూర్తం ఇవాళ్టికి మార్చింది. నేను పసిగట్టి చెప్పాను. మీరు అడ్డుకున్నారు. పిల్లకి ఏమీ తెలియదు. ఇలా చెప్తే ముగ్గురం బతుకుతాం. లేకపోతే మీ ఇష్టం."

జంఫీరా రిసీవర్ అందుకుంది.

"అత్తయ్యకి జ్వరం ఎలా ఉంది?" అన్నాడు కల్నల్.

"తగ్గింది సార్," అంది.

రిసీవర్ పెట్టేసి మెట్లెక్కింది. గదిలో స్మరాండా కోటు, బూట్లు వేసుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. జుట్టు ఇంకా తడిగా ఉంది. వేసి ఉన్న పరదా వైపు చూస్తోంది. జంఫీరా గుమ్మంలోనే కూలబడింది.

"చంపేశానే నిన్ను. నా చేత్తోనే."

"ఊరుకో పిన్నీ." స్మరాండా గొంతులో కోపం లేదు. అదే భరించటం కష్టంగా ఉంది. "మా అమ్మయినా మూసేసేది. నిన్న గదికి వచ్చి అంతా సరిచూసుకుంటూ, కిటికీ తీసి చూశాను. నేనే రెండుసార్లు మూసేశాను, తెలుసా. చెయ్యి ఆగలేదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలో స్మరాండా ఏడ్చింది. జంఫీరా తువ్వాలు తెచ్చి ఆమె తల తుడిచింది. ఇంకేం చెయ్యగలదు.

రిపోర్టులో విదేశీ ముఠా అపహరణ ప్రయత్నం భగ్నమని రాశారు. స్మరాండాని ఆ తర్వాత ప్రదర్శనలకి కూడా పిలవలేదు. ఊళ్ళో పిల్లల్ని కమ్మీకి వేలాడదీసేటప్పుడు, నొప్పెడితే దిగండర్రా, ఎవర్నీ అడగక్కర్లేదు, అని మొదటే చెప్తుందట. అక్కణ్ణుంచి చాంపియన్లెవరూ రాలేదని పైవాళ్ళ ఫిర్యాదు.

లియొంటీనాకి కల్నల్ పూలు పంపాడు. జంఫీరాకి పతకం వచ్చింది. కిటికీ అద్దం పగిలిన హాల్లో, అప్రమత్తతకు గుర్తింపుగా అని చదువుతూ, కల్నల్ కాలరు పైకి లాక్కున్నాడు. "ముందు ఆ కిటికీకి ఏదైనా అడ్డం పెట్టండయ్యా, కరెంటు," అన్నాడు. దగ్గరున్నది జంఫీరానే. ఆవిడ కదల్లేదు.

ఆనాటి నుంచి ఆవిడ ఇంట్లో ఒక్క కిటికీ మూయలేదు. పొరుగువాళ్ళు మతిపోయిందన్నారు. ఏదో ఒకటి రావాలి కదా అని ఎదురుచూసింది, మెడపట్టో, పంటినొప్పో, కనీసం చిన్న జలుబో. ఏదీ రాలేదు.