వకుళాదేవి చారు

2092 నాటికి వంటిల్లు ఉన్న ఇల్లు అరుదైపోయింది. మాత్ర వేసుకుంటే ఆకలి ఊసే ఉండదు. అయినా ఆదివారం ‘తారల వంటిల్లు’ వంటల పోటీ మొదలయ్యేసరికి జనం నాలుకలకు రుచిపత్రాలు అంటించుకుని టీవీల ముందు చేరిపోతారు. కందిపప్పు ఎలా ఉంటుందో చూడనివాళ్లు కూడా ఉప్పు తక్కువైందని తీర్పులిస్తారు.

ఈ వింతకు మూలం రుచిప్రసారిణి. వండేవారి నాలుక మీది పలుచని పొర రుచిని ఎలక్ట్రానిక్ సంకేతాలుగా మార్చి పంపుతుంది. ప్రేక్షకుల రుచిపత్రం వాటిని మళ్లీ రుచిగా మారుస్తుంది. వండినవారు ఒక్క చెంచా నోట్లో వేసుకుంటే రాష్ట్రమంతా రుచి చూసినట్టే. గెలిచిన రుచిని యంత్రం తన భాండాగారంలో శాశ్వతంగా దాచుకుంటుంది.

ఒకనాటి హీరోయిన్ వకుళాదేవి పోటీకి ఒప్పుకున్నది అందుకే. వాళ్లమ్మ చారు రుచి తెలిసినవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది. తనతోపాటే అదీ పోతుందన్న దిగులు ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు.

ముందు ఒక క్రికెటర్ బిర్యానీ వండాడు. జనం లొట్టలు వేశారు. తరువాత వకుళాదేవి చింతపండు పిసికి, మిరియాలు దంచి, ఇంగువ పోపు పెట్టింది. పోపు చిటపటలకు ఆమె కళ్లు చెమర్చాయి.

“మా అమ్మ మడి కట్టుకుని వండేది. దేవుడికి చూపించాక మొదట నాకే పోసేది,” అంటూ గిన్నెలో చారు పోసి కెమెరా ముందు పెట్టింది. “తాగండి నాయనా.”

ఓట్లు వెల్లువెత్తాయి. “అచ్చం మా అమ్మ చారే,” అని ఊరూరా రాశారు. పుట్టినప్పటి నుంచి మాత్రలే మింగినవాళ్లు కూడా అదే రాశారు. వకుళాదేవి గెలిచింది.

సందడి సద్దుమణిగాక రుచిప్రసారిణి ఇంజనీరు సుభాన్ వచ్చాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

“మేడమ్, మీరు చారు నోట్లో వేసుకోలేదు. ముందే చెప్పాం కదా.”

“చెప్పారు బాబూ. నలుగురికీ పెట్టకముందే ఎంగిలి చేయడానికి మనసు రాలేదు.”

“అందరికీ వెళ్లింది ఖాళీ సంకేతం. భాండాగారంలోకి ఎక్కిందీ అదే. ఇప్పుడు ఒక్క చెంచా తాగండి. ఎవరికీ తెలియకుండా మార్చేస్తాను.”

ఆమె తాగింది. ఒట్టి ఉప్పు. పులుపుకు పళ్లు జివ్వుమన్నాయి. అమ్మ చారు దరిదాపుల్లో కూడా లేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

“రికార్డయింది మేడమ్. ఖాళీది చెరిపేసి దీన్ని పెట్టనా?”

తెర మీద ఇంకా ఎవరెవరో తమ అమ్మల గురించి రాస్తూనే ఉన్నారు. వకుళాదేవి కాసేపు అవి చదువుతూ నిలబడింది.

“దీన్నే చెరిపెయ్ బాబూ,” అంది. “అమ్మది ఆ ఖాళీదే. ఉండనీ.”